అమావాస్య టిక్కెట్టు మీద బారీ దాకా

ఇటలీ పోయొచ్చానని తెలిసిన కాణ్ణుంచి పిడుగురాళ్లలో ఎవరు కనపడ్డా రెండే ప్రశ్నలు. "టిక్కెట్టు ఎంతయింది?", "అక్కడేం చూశావు?" మొదటిదానికి నిజం చెప్తే నమ్మరు. రెండోదానికి నిజం చెప్తే నవ్వుతారు. ఎందుకంటే నేను పోయింది సున్నం చూడటానికి. సున్నపు బట్టీల మధ్య పుట్టి, ఆ దుమ్మే పీల్చి, ఆ సున్నమే అమ్ముకుని బతికినోణ్ణి, యాభై ఏడో ఏట సముద్రం దాటి మళ్లీ సున్నమే చూసొచ్చా. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత చదువుదురుగాని.

మాది మా నాన్న పెట్టిన బట్టీ. పైనుంచి రాయి ఒక పొర, బొగ్గు ఒక పొర పోసుకుంటా పోతే, కాలిన సున్నం కిందనుంచి లాగుతాం. ఒకప్పుడు పండగలొస్తున్నాయంటే ఊరూరా ఇళ్లకి వెల్ల వేసేవాళ్లు, మా ముందు లారీలు బారులు తీరేయి. ఇప్పుడు గోడలకి డబ్బా రంగులొచ్చినయి. రొయ్యల చెరువులోళ్లు కొంటే కొన్నట్టు, లేకపోతే లేనట్టు. బట్టీ హైవే పక్కనే ఉండబట్టి ప్లాట్లేసేవాళ్ల కన్ను దాని మీద పడింది. దసరాకి వాళ్లకి సరేనని మాటిచ్చేశా. రిజిస్ట్రేషను కార్తీకం వెళ్లాక అనుకున్నాం. ఆ బట్టీ మీద పన్నెండు మంది బతుకుతున్నారు. వాళ్లలో ఒక్కరికి ఈ ముక్క చెప్పలా. ముఖ్యంగా మస్తాన్ మావకి చెప్పలా.

మస్తాన్ వలీ మా బట్టీ మేస్త్రి. నాకంటే ఐదేళ్లు పెద్ద. పొగ రంగు చూసి లోపల రాయి ఎంత కాలిందో చెప్తాడు. మా నాన్నని పెద్దయ్యా అనేవాడు, నన్ను ఇప్పటికీ చిన్నయ్యా అంటాడు. నేను మావా అంటా. ముప్పై ఐదేళ్లుగా పొద్దున లేస్తే నేను చూసే మొదటి మొహం ఆయనదే. ఆ మొహం మీద "బట్టీ అమ్మేస్తన్నా మావా" అనటానికి నాకు నోరు రాలా.

అట్టా నలిగిపోతున్న రోజుల్లోనే ఫోన్లో ఒక వీడియో కనపడింది. ఇటలీలో బారీ అనే సముద్రపొడ్డు ఊరు, దానికి గంట దూరంలో ఒక కొండ ఊళ్లో ఒకామె గుంటలోంచి సున్నాన్ని గరిటెతో తీస్తంది, గడ్డపెరుగు తీసినట్టు. ఇరవై కిలోల బకెట్ ముప్పై యూరోలంట. ఆ డబ్బుకి మా దగ్గర అర టన్ను వస్తది! ఒళ్లు మండింది, ఆశ కూడా పుట్టింది. ఆమెకి రాశా. పేరు రొసెల్లా. "మీరూ సున్నం వాళ్లేనా? రండి, చూపిస్తాం" అని జవాబిచ్చింది, వీసాకి కావాల్సిన కాగితం కూడా పంపింది.

నేనొక పథకం వేసుకున్నా. చెప్పుకోటానికి సిగ్గే. మావని కూడా తీసుకుపోతా. ఎవరికీ తెలవని చోట, నిమ్మళంగా కూర్చోబెట్టి, బట్టీ సంగతి చెప్తా. వస్తావా అంటే మావ సరేనన్నాడు, వీసాలు కూడా ఇద్దరికీ వచ్చినయి. కాకపోతే నేను పక్కన పెట్టుకున్న సొమ్ము ఒక్క మనిషికే.

శిరీష కంప్యూటరు

మా బస్టాండు దగ్గర శిరీష అనే అమ్మాయి ఇంటర్నెట్ సెంటర్ నడుపుద్ది. హాల్ టిక్కెట్లు, పాన్ కార్డులు, రైతుల ఫారాలు, అన్నీ ఆమె చేతి మీదే. బారీ అని కొట్టింది. ఒక మనిషికి పోను రాను తొంభై రెండు వేలు.

"ఇద్దరికి చూడు" అన్నా.

"అదేంది బాబాయ్, ఒకరికే నీ మొహం అట్టా అయిపోయింది" అంది. అని, కుర్చీ ముందుకి లాక్కుంది. "ఊరి పేరు కొట్టి కూర్చుంటే వాళ్లు చెప్పిందే రేటు. మాచర్ల పోవాలంటే మాచర్ల బస్సు కోసమే నిలబడతావా? గురజాల బస్సొస్తే ఎక్కి అక్కడ మారవా?"

ఆ మాట నాకు నచ్చింది. మూడు మధ్యాహ్నాలు టీలు తెప్పించుకుంటా ఆమె పక్కన కూర్చున్నా. అక్కడ దిగి బారీకి మారొచ్చని నేపుల్స్ చూసింది, బ్రిందిసి చూసింది, రోమ్ చూసింది. తేదీల కింద రేట్లు పచ్చగా, ఎర్రగా వస్తన్నయి. పొద్దున చూసిన రేటు సాయంత్రానికి లేదు. మనం మళ్లీ మళ్లీ చూస్తన్నామని వాళ్లకి తెలిసిపోద్దని శిరీష నమ్మకం. చూసినప్పుడల్లా హిస్టరీ తుడిచేసేది. మిర్చి యార్డులో బేరగాడు, మనకి ఆత్రంగా ఉందని కనిపెట్టేసినట్టే గదా అని నేనూ తలాడించా.

మూడో రోజు అరిచింది. "బాబాయ్, దొరికింది!" గల్ఫ్ మీదగా రోముకి ఒక టిక్కెట్టు, పోను రాను ముప్పై తొమ్మిది వేలు. రోము నుంచి బారీకి ఇంకో కంపెనీ చిన్న విమానం, పోను రాను నాలుగు వేలు. పిడుగురాళ్ల నుంచి హైదరాబాదుకి కారు మాట్లాడుకున్నా అంతవుద్ది! ఇద్దరికీ కలిపినా మొదట చెప్పిన ఒక్క టిక్కెట్టు కన్నా తక్కువ.

"నొక్కెయ్" అన్నా.

ఆమె నొక్కలా. గోడ మీద క్యాలెండర్ చూస్తంది. "ప్రయాణం పడేది మంగళవారం బాబాయ్. అమావాస్య కూడా."

మర్నాటి ప్రయాణానికి చూస్తే తలకి పద్నాలుగు వేలు ఎక్కువ. నేను ఇట్టాంటివి పట్టించుకోనని ఊళ్లో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ పూట మాత్రం నేనే లేచి క్యాలెండర్లో తేదీ చూసొచ్చా. మావకి ఫోన్ చేశా. "అమావాస్య రోజు ప్రయాణం. నీకేమన్నా పట్టింపా?"

"నాకేం పట్టింపు చిన్నయ్యా. ఇంట్లో ఆయమ్మకి చెప్పావా?"

చెప్పలా. శిరీష "రెండే సీట్లున్నాయంటంది బాబాయ్" అంది. కళ్లు మూసుకుని నొక్కమన్నా.

ముందు బ్యాగు బయలుదేరింది

మా ఆవిడ రమణ రెండు రోజులు నాతో మాట్లాడలా. మూడో రోజు, "చవగ్గా వస్తే అమావాస్య పూట పోతారా ఎవరన్నా? పాడెక్కటం కూడా చవకే" అంది. అని, ఉపాయం కూడా ఆమే చూసింది. దానికి ప్రస్థానం అని పేరు. మంచిరోజున మనం కదల్లేకపోతే, మన సామాను కదిలిస్తారు. మంచి గడియలో సంచి ఒకటి ఇంకొకరింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత మనం ఎప్పుడు పోయినా పర్లేదు.

ఆదివారం పొద్దున పది గంటలకి నా బ్యాగు ఇటలీకి బయలుదేరి, రెండిళ్ల అవతల ఆదెమ్మ పిన్ని వరండాలో ఆగింది. నేను మంగళవారం పోయి దాన్ని కలుసుకున్నా. ప్రస్థానం పెట్టిన బ్యాగు మధ్యలో విప్పకూడదంట. విప్పలా. బరువుగా తగిలింది గానీ, రెండు రోజులు విశ్రాంతి తీసుకుంది గదా అనుకున్నా.

మావ ఇవేవీ పట్టించుకోలా. మక్కా దాకా ఉమ్రా యాత్రకి పోయొచ్చిన మనిషి, విమానం ఆయనకి కొత్త కాదు. నాకే కొత్త. దాచేపల్లి దాటకముందే నాకు పాఠం మొదలుపెట్టాడు. బెల్టు ఎట్టా బిగించాలి, చెవులు మూసుకుపోతే ఏం చెయ్యాలి, ట్రేలో వచ్చిన చిన్న పొట్లాలు ఏవి తినాలి, ఏవి తినకూడదు.

శంషాబాద్ విమానాశ్రయంలో పాఠం చెప్పినోడే పట్టుబడ్డాడు. ఆయన చేతిసంచిలోంచి కవరు చుట్టిన తెల్లటి రాయి బయటికి తీశారు. మన సున్నం వాళ్లకి చూపించాలని బట్టీలోంచి ఒక గడ్డ తెచ్చుకున్నాడు, నాకు మాటమాత్రం చెప్పకుండా.

"ఇదేమిటి?" అని హిందీలో అడిగారు.

మావ ఉత్సాహంగా హిందీలోనే చెప్పాడు, సున్నపు రాయి, నీళ్లు తగిల్తే బుసబుసా ఉడికి పగిలిపోద్దని. విమానాశ్రయంలో చెప్పకూడని మాట ఇంతకన్నా ఇంకోటి ఉండదు. నలుగురు చుట్టూ మూగారు. అదృష్టం, వాళ్లలో ఒకాయన నల్గొండ మనిషి. "గిదేంది పెద్దాయనా, సున్నం గడ్డ పట్టుకొని విమానం ఎక్కుతావా?" అని నవ్వి, గడ్డ తీసుకుని మమ్మల్ని వదిలాడు. చొక్కా జేబులో ఉన్న తమలపాకుల పొట్లం, వక్కలు, సున్నం డబ్బీ కూడా చూశాడు. "ఇది మా తాత కాడ కూడ ఉండె" అని తిరిగిచ్చేశాడు.

మావ మాత్రం గేటు దాకా తల ఎత్తలా. "ఏం చూపిస్తాం ఇంక వాళ్లకి?" అని ఒకటే గొణుగుడు.

రోములో తూకం

చవక టిక్కెట్టు అసలు రంగు రోములో బయటపడింది. చిన్న విమానంలో మనిషికి ఒక్క సంచే, ఎనిమిది కిలోలు దాటకూడదు. నా బ్యాగు తూస్తే పన్నెండు. దాటినందుకు కట్టమన్నది టిక్కెట్టు కన్నా ఎక్కువ.

పక్కకి పోయి విప్పా. ఓరి దేవుడో! గోంగూర పచ్చడి సీసా, కారప్పూస, నువ్వుండలు, కిలో ఎండుమిరపకాయలు, అడుగున ఇత్తడి చెంబు. ఆదెమ్మ పిన్ని పని. రెండు రోజులు ఆమె వరండాలో బ్యాగు ఊరకే కూర్చోలా. ఫోన్ చేస్తే, "ఆ దేశంలో దొడ్డికి పోతే నీళ్లుండవంట గదరా, కాగితమేనంట. అందుకే చెంబు పెట్టా" అంది. ఇంక ఏమంటాం?

మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడిగా. మిరపకాయలు మావ సంచిలోకి మార్చాం. నువ్వుండలు అక్కడే కూర్చుని తినేశాం. పచ్చడి సీసా, కారప్పూస అక్కడ నేల తుడుస్తున్న బంగ్లాదేశ్ ఆయనకి ఇచ్చాం. మావ ఆయనతో ఉర్దూ ముక్కలు, హిందీ ముక్కలు కలిపి మాట్లాడాడు. గోంగూర వాసన చూసి ఆ మనిషి నవ్విన నవ్వు చూస్తే, సీసా పోయిందన్న బాధ నాకు లేకుండా పోయింది. చెంబుని మాత్రం మావ వదల్లా. "పెద్దామె పెట్టింది, పారేస్తామా?" అని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

తీరా బారీలో మేం దిగిన గదిలో చూస్తే, మరుగుదొడ్డి పక్కన కడుక్కోటానికి వేరే ఒక పింగాణీ తొట్టి, దానికి చన్నీళ్లూ వేణ్నీళ్లూ. ఇటలీలో ప్రతి ఇంట్లోనూ ఉంటదంట. ఈ సంగతి మనోళ్లకి ఒక్కరూ చెప్పరేం?

పాత బారీ

బారీలో పాత ఊరంతా సందులు. రెండు చేతులు చాపితే రెండు గోడలు తగుల్తయి. పైన బట్టలు ఆరేసుంటయి, కింద గుమ్మాల ముందు ఆడవాళ్లు బల్లలేసుకుని పిండితో ఏదో చేస్తుంటారు. దగ్గరికి పోయి చూస్తే, మన గవ్వలే! పిండి ముక్కని బొటనవేలితో నొక్కి వంచుతున్నారు. కాకపోతే నూనెలో వేయించరు, పాకం పట్టరు. ఉడకబెట్టి కూరతో తింటారు. అర కిలో నాలుగు యూరోలు చెప్పారు. గీసి బేరమాడా. తగ్గించలా.

అక్కడే ఒక గొడవ అయింది. మావ కిళ్లీ నములుతున్నాడు. ఊసే చోటు కనపడక, చప్టా పక్క మురుగ్గంత దగ్గర ఊశాడు. గవ్వలు చేసే ముసలామె అది చూసి కేకేసింది. లేచొచ్చి మావ చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూలేసింది. ఇంకొకామె నీళ్లు తెచ్చింది, మూడో ఆమె ఫోన్ తీసి ఎవరికో చేస్తంది. రక్తం కక్కుకుంటున్నాడనుకున్నారు! నేను కాదు కాదంటుంటే నా మాట వినేవాళ్లెవరు? చివరికి మావే పొట్లం విప్పి ఆకు చూపించాడు, వక్క చూపించాడు, డబ్బీలో సున్నం వేలితో తీసి ఆకుకి రాసి నోట్లో పెట్టుకున్నాడు. ముసలామె డబ్బీలోకి చూసింది, వెనక తన ఇంటి తెల్లగోడ మీద చెయ్యేసి, మావ నోటికేసి చూపించింది. అదేనా ఇది అన్నట్టు. అదేనని తలూపాడు. సందు సందంతా నవ్వు. తర్వాత ఆమె బక్కెట్టు నీళ్లు తెచ్చి మా చేత ఆ మురుగ్గంత కడిగించింది, అది వేరే సంగతి. తప్పు మాదే.

తిండి గురించి చెప్పాలి. కాఫీ యూరో ఇరవై. నిలబడి ఒక్క గుక్కలో తాగిపోతారు, కూర్చుంటే రేటు మారుద్ది. ఒంటి గంటకి కొట్లన్నీ మూసేస్తే మళ్లీ నాలుగున్నరకే. ఎండాకాలం మధ్యాహ్నం మాచర్ల బజారు గుర్తొచ్చింది, కానీ అక్కడ చలి! నాకు బాగా నచ్చింది ఒక పప్పు. బాగా ఉడికించి మెదిపిన గింజల పప్పు, పక్కన చేదాకు కూర, పైన ఆలివ్ నూనె. ఉప్పు తప్ప ఇంకేం లేదు. మావ చుట్టూ చూసి, సంచిలోంచి రెండు ఎండుమిరపకాయలు తీసి నలిపి చల్లాడు. అప్పుడు అది భోజనమైంది. ప్లేటు తొమ్మిది యూరోలు, ఇద్దరం పంచుకున్నాం.

ఇవన్నీ తింటన్నా, చూస్తన్నా, నా మనసు మాత్రం కుదురుగా లేదు. రెండుసార్లు చెప్దామని నోరు తెరిచా. రెండుసార్లూ "ఆ గోడ చూడు చిన్నయ్యా, ఎన్ని పూతలేశారో" అని మావే ఇంకో మాట ఎత్తుకున్నాడు.

కొండ మీద బట్టీ

మర్నాడు రైలెక్కి గంటసేపు పోయాం. దోవ పొడుగునా ఆలివ్ తోటలు, కొన్ని చెట్ల మొదళ్లకి సున్నం పూతలు, మన రోడ్ల పక్క చింతచెట్లకి వేసినట్టే. స్టేషన్లో రొసెల్లా కారుతో నిలబడుంది. నలభై ఏళ్లుంటాయి, చేతులు మన బట్టీలో ఆడవాళ్ల చేతుల్లాగే పగిలి ఉన్నయి.

వాళ్ల బట్టీ కొండవాలులో రాళ్లతో కట్టింది, మా దాంట్లో సగం కూడా లేదు. బొగ్గు కాదు, ఆలివ్ కొమ్మలతో కాలుస్తారు, అదీ ఏడాదికి రెండుసార్లే. ఆమె నాన్న పేరు దొనాతో, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మమ్మల్ని ఎగాదిగా చూశాడు. మావ చూపు బట్టీ మీదే. బట్టీ చుట్టూ ఒకసారి తిరిగాడు, నోట్లోకి వంగి చూశాడు, గోడ మీద చెయ్యి పెట్టి అట్టాగే నిలబడ్డాడు.

"ఇట్టుకెళ్లి గాలాడదు. రాయి పచ్చిగా దిగుద్ది" అన్నాడు.

ఫోన్లో తర్జుమా చేసే యాప్‌కి ఆ మాట అర్థం కాలా. ఈ పక్క నుంచి గాలి ఆడదు, రాయి సగమే కాలి దిగుతుంది అని నేను బడి పుస్తకం తెలుగులోకి మార్చి చెప్పా. అది ఇటాలియన్‌లో చదివింది. దొనాతో మొహం మారిపోయింది. మావ చెయ్యి పెట్టిన చోటే తనూ చెయ్యి పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఆ పక్క రాయి సరిగ్గా కాలదంట, ఎందుకో ఎవరూ చెప్పలేదంట.

ఆ తర్వాత గుంటలు చూపించారు. ఇక్కడే ఉంది వాళ్ల కిటుకంతా. మేం కాల్చిన సున్నాన్ని ఆ వారమే అమ్మేస్తాం. వాళ్లు నీళ్లు పోసి, గడ్డ ఉడికి ముద్దయ్యేదాకా విరగ్గొట్టి, గుంటలో నింపి, పైన నీళ్లు నిలబెట్టి వదిలేస్తారు. రెండేళ్లకి తక్కువైతే బయటికి తియ్యరు. ఎంత నిలవుంటే అంత మెత్తన. పాత కోటలు, చర్చీలు, బొమ్మలేసిన గోడలు బాగుచేసేవాళ్లు వెతుక్కుంటా వస్తారు. అన్నిట్లోకీ పాత గుంట తొమ్మిదేళ్లది. దొనాతో అందులోంచి కొంచెం తీసి మావ అరచేతిలో పెట్టాడు.

మావ వేళ్ల మధ్య రాసి చూశాడు. బాగుందని తలూపాడు. ఆపైన, అడగాలా వద్దా అన్నట్టు నాకేసి ఒకసారి చూసి, జేబులోంచి తన డబ్బీ తీశాడు.

దొనాతో దాన్ని గోటితో తీసుకున్నాడు. బొటనవేలి మీద రాశాడు, ఎండకి పట్టాడు, వాసన చూశాడు. కళ్లు మూసుకుని ఒక్క మాటన్నాడు. ఫోన్ దాన్ని "వెన్న" అంది.

"ఇది ఎన్నేళ్ల నాటిది?" దొనాతో అడిగినదాన్ని చదివింది ఫోన్.

"మా యమ్మ పోసిన కుండ. ఆమె పోయి పన్నెండేళ్లు" అన్నాడు మావ. వాళ్లమ్మ బస్టాండులో తమలపాకులమ్మేది. మన బట్టీ సున్నమే తీసుకుపోయి, విరగ్గొట్టి, వడగట్టి, కుండల్లో నీళ్ల కింద దాచేదంట. ఆమె పద్ధతే ఈయనా చేస్తున్నాడు. ఇంట్లో పద్నాలుగు కుండలున్నాయంట.

నేను గుంట అంచున అట్టాగే నిలబడిపోయా. తొంభై వేలు పెట్టి, అమావాస్య పూట సముద్రాలు దాటొచ్చి నేను నేర్చుకుంటున్న విద్య, మా బట్టీకి రెండు వీధుల అవతల ఉందా? "ముప్పై ఐదేళ్లలో ఒక్కసారన్నా చెప్పలేదేంది మావా?" అన్నా. గొంతు కాస్త పెద్దదే అయింది.

"నువ్వు అడగలా చిన్నయ్యా" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

రొసెల్లా ఫోన్ నా ముందు పెట్టింది. "ఇలాంటిది మీరు ఎంత చేయగలరు? మీ దేశంలోనూ పాత గుడులు బాగుచేసేవారు ఉంటారు కదా?" అందరూ నాకేసి చూస్తున్నారు. పది రోజుల్లో రాసిచ్చేయబోయే బట్టీ గురించి నేనేం చెప్పను? "చూస్తాం" అన్నా. మావ తల దించుకుని డబ్బీ మూత పెట్టుకున్నాడు.

సముద్రపు గోడ మీద

చివరి రోజు పొద్దున బారీ రేవు దగ్గర కూర్చున్నాం. సముద్రం పొడుగునా రాతిగోడ, దాని మీద కూర్చోవచ్చు. జాలర్లు ఆక్టోపస్‌లని బండకేసి బాదుతున్నారు, మెత్తబడటానికంట. పక్కనే నిలబడి వాటిని పచ్చిగానే తినేస్తున్నారు జనం! మావ మొహం అటు తిప్పుకున్నాడు. నేను మాత్రం కాసేపు కళ్లార్పకుండా చూశా.

ఇంక ఆగలేక చెప్పేశా. సముద్రం వంక చూస్తా చెప్పా, ఆయన వంక చూడలా. ప్లాట్లోళ్ల సంగతి, దసరాకి ఇచ్చిన మాట, రిజిస్ట్రేషను, అంతా. ఆయన్ని ఎందుకు తీసుకొచ్చానో కూడా దాచలా. "నీ మొహం చూసి ఊళ్లో చెప్పలేక ఇక్కడికి తీసుకొచ్చా మావా. నాకంటే పిరికోడు ఉండడు."

ఆయన ఆకుకి సున్నం రాసి నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు. "నాకు తెలుసు గదయ్యా."

"ఎట్టా తెలుసు?"

"దసరా వెళ్లిన వారానికి సర్వేయరొచ్చి హద్దురాళ్లు పాతాడు. నువ్వు నరసరావుపేట పోయావు ఆ రోజు. రాళ్లు కనపడాలి, సున్నం ఉందా అని నన్నే అడిగాడు. కలిపి, ఆ రాళ్లన్నిటికీ సున్నం కొట్టింది నేనే."

నాకు ఏడుపొచ్చింది. యాభై ఏడేళ్లోణ్ణి, పరాయి ఊళ్లో, సముద్రం ముందు కూర్చుని ఏడ్చా. ఆయన ఓదార్చలా, లేచి పోలా. పక్కనే కూర్చున్నాడు.

"తెలిసి ఎందుకొచ్చావు మరి?"

"మన సున్నం ఎట్టాంటిదో తెలిసినోడి చేత ఒక్కసారి అనిపించుకుందామని" అన్నాడు. "అన్నాడుగా. చాలు."

పిడుగురాళ్ల

వచ్చిన మూడో రోజు ప్లాట్లాయన కాగితాలు పట్టుకొచ్చాడు. అమ్మటంలేదని, గుంటలు తవ్వి సున్నం నిలవేస్తానని చెప్పా. కుర్చీలోంచి లేచి నిలబడి, "మాట తప్పే మనిషివని తెలిస్తే నీ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు" అన్నాడు, వీధిలోవాళ్లు వినేటట్టు. పల్నాడులో ఆ మాట పడి బతకటం తేలిక కాదు. పడ్డా. ఒకసారి సర్పంచిగా నిలబడి ఓడిపోయినప్పుడు కూడా నా తల అంత వంగలా. రమణ లోపల్నుంచి వచ్చి, "రెండేళ్ల దాకా గుంటలో ఉంచుతావు, ఈ రెండేళ్లూ ఏం తింటాం?" అంది. నాకు తెలవదని చెప్పా. నిజంగానే తెలవదు. రొయ్యల చెరువుల బేరం సగం, గుంటలు సగం అనుకుంటున్నా. ఆ సున్నం కొనేవాళ్లు వస్తారో రారో ఇప్పుడే ఎవరు చెప్పగలరు?

బట్టీకి పోయా. పొద్దున పది గంటలైంది. మావ కింద బట్టీ నోటి దగ్గర సున్నం లాగిస్తున్నాడు, కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నయి. ప్లాట్లాయన్ని పంపించేశానని చెప్పా. పనోళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ పారలు పట్టుకున్నారు. మావ తల మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడో!

తువ్వాలు తీశాక అడిగాడు. "అయితే రేపటికి రాయి రెండు లారీలు చెప్పనా చిన్నయ్యా, మూడా?"

మూడు చెప్పమన్నా.